నీ వాటా డబ్బు కట్టే ముందు

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం సోమవారం అందింది. చెల్లెమ్మకి మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. రెండో పేజీకి వచ్చాకే నాకు గుబులు పట్టుకుంది. మీ బావమరిది మాంసం ఎగుమతి కంపెనీలో వాటా తీసుకుంటున్నావనీ, నెల తిరిగేలోగా డబ్బు కట్టాలనీ అన్నావు. "కొనేది ఒకే పార్టీ, ఒకే దేశం. అయినా మనిషి గట్టివాడు. అక్కడేదో డబ్బు గొడవ నడుస్తోందంటున్నారు గానీ, జనం తిండి మానేస్తారా ఏంటి?" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఇది ఫోన్లో తెగే మాట కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

జనం తిండి మానరు, నిజమే. కానీ వాళ్ళు తినేది వాళ్ళ డబ్బుతో, మనకి కట్టాల్సింది డాలర్లతో. ఇన్నేళ్ళుగా ఎగుమతి కాగితాల పనిలో ఉండి చూస్తున్నాను, అవతలి దేశం డబ్బు పడిపోయినప్పుడు మాంసానికి తగిలినంత గట్టిగా గోధుమకో నూనెకో తగలదు. వాటి కోసం ప్రభుత్వాలు ఎలాగోలా డాలర్లు సర్దుతాయి. మాంసమైతే వారానికి రెండుసార్లు తినేవాళ్ళు ఒకసారితో సరిపెట్టుకుంటారు. పైగా బస్తాలు గోడౌన్లో నెలల తరబడి ఉంటాయి. పశువు అలా ఉండదు, రోజూ మేత కావాలి. కోశాక రోజూ కరెంటు కావాలి.

కోడి సంగతి చెప్తా విను. అమెరికాలో జనానికి రొమ్ము మాంసం మీద మోజు ఎక్కువ. రొమ్ము కోసం కోసిన ప్రతి కోడికీ రెండు కాళ్ళు మిగులుతాయి కదా? 1990ల్లో ఆ మిగిలిన కాళ్ళకి పెద్ద దిక్కు రష్యా. పెద్ద బుష్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు మొదలైన రవాణా కాబట్టి, రష్యన్లు వాటికి 'బుష్ కాళ్ళు' అనే పేరు పెట్టారు. అప్పట్లో అమెరికా కోడి మాంసం బయటికి వెళ్ళే దేశాల్లో అన్నిటికన్నా పెద్ద మార్కెట్ అదే. 1998 ఆగస్టు 17న రష్యా ప్రభుత్వం అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది, రూబుల్‌ని కిందకి వదిలింది. డాలరుకి 6 రూబుళ్ళ చిల్లర ఉన్నది ఏడాది చివరికి 20 దాటింది. బ్యాంకులు బిగుసుకుపోయాయి. నిన్న ఆర్డరిచ్చిన వ్యాపారి ఇవాళ ఫోన్ ఎత్తడు. అమెరికాలో కోడి కాళ్ళ ధర పడిపోయింది.

ఇక్కడొకటి గమనించు. అమెరికాలో ఒక్క కోడి ఎక్కువ పుట్టలేదు, తినేవాడు ఒక్కడూ తగ్గలేదు. మాంసం వ్యాపారంలో ఒక జీవాన్ని ఒకడికి అమ్మం. ఒక ముక్క ఒక దేశానికి, ఇంకో ముక్క ఇంకో దేశానికి, తోలు మరో చోటికి, పేగులూ కాలేయం వేరే చోటికి. అన్నీ కలిపి ఎంత వస్తుందో లెక్కేసి, అందులోంచి రైతుకి కడతారు. 1997 చివర్లో దక్షిణ కొరియా కరెన్సీ వాన్ డాలరుకి 900 చిల్లర నుంచి 2,000 దగ్గరికి జారింది. అప్పట్లో అమెరికా ఆవుతోళ్ళు ఎక్కువగా కొన్నది కొరియా తోళ్ళ ఫ్యాక్టరీలే. వాళ్ళు వెనకడుగు వేసేసరికి తోలు ధర పడింది. కబేళావాడు ఆ తగ్గిన సొమ్ముని పశువు ధరలోంచి కోసుకున్నాడు. వాన్ అనే పేరు కూడా వినని రైతుకి నష్టం. మీ కంపెనీ లెక్కలు చూసేటప్పుడు మాంసం ధర ఒక్కటే చూడకు. తోలు ఎవరు కొంటున్నారు, లోపలి భాగాలు ఎక్కడికి పోతున్నాయి, అదీ అడుగు.

ఇంకా నన్ను వదలని కథ ఇండోనేషియాది. ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్ రేవు నుంచి బతికున్న పశువుల్నే ఓడలెక్కిస్తారు. ఎండకీ గోమార్లకీ తట్టుకునే బ్రాహ్మన్ జాతి. కుర్ర పశువుగా, తేలిగ్గా ఉండగానే పంపాలి, ఎందుకంటే అక్కడ ఫీడ్‌లాట్లలో మేపి, బలిపించి, అప్పుడు కోస్తారు. ఆ లాభమంతా ఆ మేపడంలోనే ఉంది. 1997లో ఇలా 4 లక్షలకి పైగా పశువులు వెళ్ళాయి. అదే ఏడు జూలై 2న థాయిలాండ్ తన కరెన్సీ బాత్ విలువని నిలబెట్టలేక వదిలేసింది. ఆ గాలి ఇండోనేషియాకి తగిలింది. డాలరుకి 2,400 రుపియాలు ఉన్నది 1998 జూన్‌కల్లా 16,000 దాటింది. మే నెలలో సుహార్తో గద్దె దిగిపోయాడు.

ఆ ఫీడ్‌లాట్ యజమాని చోట నిన్ను నువ్వు పెట్టుకుని చూడు. పశువుల్ని డాలర్ల అప్పుతో కొన్నాడు. మూడు నెలలు మేపి రుపియాల్లో అమ్మాలి. మేత తింటున్నకొద్దీ పశువు బరువు పెరుగుతోంది, దానికన్నా వేగంగా అప్పు పెరుగుతోంది. అమ్మినా మునిగాడు, అమ్మకపోయినా మునిగాడు. ఓడలు దాదాపు ఆగిపోయాయి. ఇటు డార్విన్ వైపు రైతుకి ఇంకో రకం బాధ. ఈ ఏడు అమ్ముడుపోని పశువు వచ్చే ఏడుకి బరువెక్కుతుంది, ఆ మార్కెట్‌కి ఇక పనికిరాదు. గడ్డి మాత్రం తింటూనే ఉంటుంది. ఆస్ట్రేలియా డాలరు కూడా అప్పుడు పడింది, 1998 ఆగస్టులో 55 అమెరికా సెంట్ల దాకా దిగింది. దాంతో కోసి బాక్సుల్లో పంపేవాళ్ళకి అమెరికా మార్కెట్‌లో కొంత ఊరట దొరికింది. ఉత్తరాది రైతుకి దగ్గర్లో సరైన కబేళాలు లేవు, ఆ ఊరటా దక్కలేదు. కొందరు ఫిలిప్పీన్స్‌కీ ఈజిప్టుకీ మళ్ళించి గట్టెక్కారు. కొన్నేళ్ళకి ఇండోనేషియా వ్యాపారం మళ్ళీ పుంజుకుంది. ఆ కొన్నేళ్ళు ఓర్చుకోగలిగినవాళ్ళకే అది మిగిలింది.

దిగుమతి ఆగింది కదా, పోనీ అక్కడి కోళ్ళ రైతులైనా బాగుపడ్డారా అంటే అదీ లేదు. వాళ్ళ దాణా దిగుమతిదే. ఫారాలకి ఫారాలే ఖాళీ అయిపోయాయి.

ఇప్పుడు నా కళ్ళతో చూసింది చెప్తాను. ఆరేళ్ళ కిందట మేం పంపిన ఐదు కంటైనర్లు ఒక రేవులో ఇరుక్కుపోయాయి. ఏ దేశమో ఇక్కడ రాయను. ఒక్కో దాంట్లో 28 టన్నుల గడ్డకట్టిన మాంసం. 20 శాతం అడ్వాన్సు, మిగతాది బ్యాంకులో కాగితాలు అందగానే కట్టాలని షరతు. కొన్నవాడు మోసగాడు కాదు మూర్తీ, మాతో ఎనిమిదేళ్ళ పరిచయం. గడువు రోజుకే తన దేశం డబ్బు మొత్తం బ్యాంకులో వేశాడు. బ్యాంకు "డాలర్లు లేవు, వరసలో ఉండు" అంది. వరస వచ్చేసరికి వాళ్ళ కరెన్సీ మళ్ళీ పడింది. తను వేసిన డబ్బు మూడింట రెండొంతులకే సరిపోయింది. ఫోన్ చేసి "నేను కట్టానయ్యా, రసీదు పంపనా?" అంటుంటే గొంతు వణికింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. నువ్వన్న 'గట్టి మనిషి' అంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఆ కంటైనర్ల ఫొటో రేవు ఏజెంటు రోజూ పంపేవాడు. తెల్లటి పెట్టె, పక్కన చిన్న తెర, దాని మీద మైనస్ 18. ఆ అంకె నిలబడాలంటే ప్లగ్గు పెట్టి ఉండాలి, ప్లగ్గుకి రోజువారీ ఛార్జీ. ఉచిత రోజులు అయిపోయాక డెమరేజీ, అంటే పెట్టె రేవులో ఉంచుకున్నందుకు రోజుకింతని జరిమానా, మొదలైంది. ఇంకో దేశానికి మళ్ళిద్దామంటే పెట్టెల మీద లేబుళ్ళు ఆ దేశం భాషలో ఉన్నాయి, పశువైద్యుల సర్టిఫికెట్ ఆ దేశం పేరు మీదే ఉంది. కోసిన తేదీ పాతబడుతున్నకొద్దీ కొనేవాళ్ళు బేరం తగ్గిస్తున్నారు. చివరికి మూడింటిని వేరే చోట నష్టానికి వదిలించుకున్నాం. రెండింటికి ఆయనే రెండు నెలల తర్వాత, తగ్గింపు ధరకి, డబ్బు కట్టాడు. ఆ ఏడు మా ప్లాంటులో ఒక షిఫ్టు ఆపేశారు. పోయింది కోత దగ్గర పనిచేసే రోజుకూలీలు. రూబుల్ అయినా రుపియా అయినా చివరికి వచ్చి పడేది వాళ్ళ మీదేరా.

కష్టం కొనేవాడి వైపు నుంచే రావాలని కూడా లేదు. 1999 జనవరిలో బ్రెజిల్ తన రియల్‌ని వదిలేసింది, డాలరుకి 1.21 ఉన్నది కొన్ని వారాల్లో 2కి చేరింది. దాంతో బ్రెజిల్ కోడి డాలర్లలో ఒక్కసారిగా చవకైంది. మిగతా దేశాలవాళ్ళు ఏ తప్పూ చెయ్యకుండానే బేరంలో వెనకబడ్డారు.

ఇంకో సంగతి. మీ బావమరిది "ఇప్పుడే అవకాశం, పోటీ లేదు" అన్నాడని రాశావు కాబట్టి చెప్తున్నాను. 2014 ఆగస్టులో రష్యా అమెరికా, యూరప్, కెనడా, ఆస్ట్రేలియా మాంసాన్ని రానివ్వనని తలుపు మూసింది. బ్రెజిల్ కంపెనీలకి అడిగినంత ఆర్డర్లు. అదే ఏడు, రష్యాకి డాలర్లు తెచ్చే చమురు ధర కుప్పకూలింది. డిసెంబరులో రూబుల్ పడుతుంటే ఆపడానికి కేంద్ర బ్యాంకు రాత్రికి రాత్రి వడ్డీ 10.5 నుంచి 17 శాతానికి పెంచింది, అయినా 16న రూబుల్ డాలరుకి 80 దాకా వెళ్ళొచ్చింది. ఆగస్టులో బ్రెజిల్‌కి తెరుచుకున్న తలుపు నాలుగు నెలల్లో సగం మూసుకుంది. 2015లో బ్రెజిల్ నుంచి రష్యాకి గొడ్డుమాంసం బాగా తగ్గిపోయింది. అంతకన్నా పెద్ద నష్టం మెల్లగా జరిగింది. దిగుమతి ఖరీదైనప్పుడల్లా రష్యా సొంత కోళ్ళ ఫారాలు పెంచుకుంటూ పోయింది, 2003 నుంచి దిగుమతికి కోటా పెట్టింది. ఒకప్పుడు బుష్ కాళ్ళు తిన్న దేశం ఇప్పుడు కోడి మాంసం ఎగుమతి చేస్తోంది.

వద్దనడం లేదురా. మంచి వ్యాపారమే, నా ఇల్లు గడిచింది దానితోనే. ఒక్క దేశం మీద ఆనుకుని పెడతానంటేనే నాకు భయం. ఆ దేశంలో డాలరుకి బ్యాంకులో ఒక రేటు, బజారులో ఇంకో రేటు నడుస్తున్నాయేమో ముందు కనుక్కో. ఈజిప్టులో 2016లో నెలల తరబడి అలాగే నడిచింది. నవంబరు 3న పౌండుని వదిలేసినప్పుడు డాలరుకి 8.88 ఉన్నది ఏడాది తిరక్కముందే 18 దాటింది. రెండు రేట్లు కనిపించాయంటే, కొనేవాడు ఎంత మంచివాడైనా సరే, అడ్వాన్సు పెంచమను, లేదంటే వాళ్ళ బ్యాంకు ఎల్‌సీని, అంటే కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు కడతానని బ్యాంకు రాసిచ్చే హామీని, బయటి పెద్ద బ్యాంకు చేత ఖాయం చేయించమను. ఒప్పుకోకపోతే వాటా సగానికి తగ్గించుకో. ఇంకో దేశానికి పంపే అనుమతి ప్లాంటుకి ఉందో లేదో కూడా అడుగు, లేకపోతే అది రావడానికే ఏడాది పైన పడుతుంది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఫోన్ చేస్తాను. ఒప్పంద పత్రం దగ్గర పెట్టుకో. డబ్బు ఎప్పుడు, ఏ బ్యాంకు ద్వారా, ఏ కరెన్సీలో అని రాసున్న పేజీ ఒక్కటి నిదానంగా చదివి వినిపించు. అప్పటిదాకా ఎక్కడా సంతకం పెట్టకు. అమ్మకి నా నమస్కారాలు, చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
శీను