గూర్ఖాలో రెండో బ్యాటరీ ఇక ఉండదు

మా దగ్గర క్యాంపర్ గూర్ఖా, అంటే పైన టెంట్ బిగించిన ఫోర్స్ గూర్ఖా జీపు, అద్దెకు తీసుకునే పాత కస్టమర్లందరికీ ముందు అసలు సంగతి చెప్పేస్తాను. వెనక సీటు కింద ఉండే రెండో బ్యాటరీ, అదే ఆక్సిలరీ బ్యాటరీ, పీకేశాను. దాని మీద నడిచే ఫ్రిజ్ కూడా దాంతో పాటే పోయింది. ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లు ఫ్రిజ్ ఉంటుందిలే అని పాలు, పెరుగు, మసాలా పట్టించిన చికెన్ డబ్బాలు సర్దుకుని బెంగళూరు కె.ఆర్.పురం దాకా వచ్చి నన్ను తిట్టుకోకూడదని ఇది రాస్తున్నాను. ఫ్రిజ్ లేకపోతే ట్రిప్పే వద్దనుకుంటే అడ్వాన్సు మొత్తం వెనక్కి పంపిస్తాను, కారణం అడగను.

"నీ బండి గండికోటలో ఆగిపోయిందటగా" అని కొందరు ఫోన్ చేశారు. ఆగింది, నిజమే. ఇద్దరు పిల్లలతో వెళ్లిన కుటుంబం, పొద్దున్నే పెన్నా లోయ చూసి బయలుదేరదామనుకుంటే సెల్ఫ్ తిరగలేదు, టక్ టక్ మని శబ్దం తప్ప ఏమీ లేదు. పక్కన టెంట్ వేసుకున్న బొలెరో వాళ్లు కేబుళ్లు తగిలించి స్టార్ట్ చేయించారు. బెంగళూరుకు దాదాపు 280 కిలోమీటర్ల దూరంలో, రెండు టన్నులకు పైనున్న బండిని తోసి స్టార్ట్ చేయమని నేను ఫోన్లో ఎవరికి చెప్పగలను? వాళ్లు తిరిగొచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

రెండో బ్యాటరీ పెట్టేదే ఇలా జరక్కుండా ఉండటానికి. రాత్రంతా ఫ్రిజ్, లైట్లు దాని మీద నడవాలి, ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ జోలికి ఏదీ పోకూడదు. రెండింటి మధ్య ఒక రిలే, అంటే దానంతటదే పనిచేసే స్విచ్, ఉంటుంది. ఇంజిన్ నడుస్తూ వోల్టేజ్ 13.3 దాటితే రెండు బ్యాటరీలను కలుపుతుంది, 12.8కి పడితే విడదీస్తుంది. సాధారణ లెడ్ యాసిడ్ బ్యాటరీలకు ఇది చక్కగా పనిచేస్తుంది. మాకు దుకాణదారు అమ్మింది మాత్రం 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ. ఖాళీ అయిన లిథియంకి కరెంటు అందిస్తే ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, దాని లోపలి నిరోధం అంత తక్కువ. కలిసిన ప్రతిసారీ ఆ దెబ్బ రిలే కాంటాక్టుల మీద పడుతుంది. పడీ పడీ చివరికి అవి అతుక్కుపోయాయి, ఇక విడదీసేది ఏముంది! లిథియం అయిపోయి దాని లోపలి సర్క్యూట్ కట్ అయ్యాక ఫ్రిజ్ నిక్షేపంగా ఇంజిన్ బ్యాటరీని తాగేసింది.

ఇదంతా ఆ దుకాణదారుకు తెలియకుండా ఉంటుందా? పేరు రాయను, సిటీలో పెద్ద షోరూమే. కొనేముందు నేను పనిగట్టుకుని అడిగాను, లిథియంకి ఈ రిలే సరిపోతుందా, దానికి వెళ్లే కరెంటును హద్దులో ఉంచే డీసీ టు డీసీ చార్జర్ అక్కర్లేదా అని. "సార్, ఇదే సెట్ ఎన్నో బండ్లకు ఇచ్చాం, కళ్లు మూసుకుని పెట్టుకోండి" అన్నాడు. గండికోట తర్వాత రిలే మార్చి మళ్లీ అదే రకం ఇచ్చాడు. అదీ పోయింది, ఈసారి నా అదృష్టం, బండి మా ఇంటి ముందే ఉంది. అప్పుడు వెళ్లి అడిగితే "మీ వైరింగ్ తప్పు సార్, వారంటీ రాదు" అన్నాడు. నా వైరింగా! 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, రెండు చివరలా ఫ్యూజు, చాసిస్ పొడవునా గొట్టంలో వేసి క్లాంపులు బిగించాను. జేసీ రోడ్డులో నాకు బాగా తెలిసిన ఎలక్ట్రీషియన్ చూసి ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదన్నాడు. రిలే కోసి చూపిస్తే రెండు కాంటాక్టులు ఒకే ముద్దగా ఉన్నాయి. ఫొటో పంపాను, బ్లూ టిక్ పడింది, జవాబు లేదు. అన్నిటికంటే ఒళ్లు మండింది ఎక్కడంటే, ఆ బ్యాటరీ తయారీదారు కాగితంలోనే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) నుంచి చార్జ్ చేయాలంటే డీసీ టు డీసీ చార్జర్ వాడమని ఉంది. ఆ కాగితం మాకు పెట్టెలో పెట్టి ఇవ్వలేదు, తర్వాత నేనే వెతికి పట్టుకున్నాను.

మరి చార్జర్ పెట్టించి బ్యాటరీ ఉంచుకోవచ్చు కదా అంటారు. మా ఎలక్ట్రీషియన్ కూడా అదే అన్నాడు. సాంకేతికంగా అదే సరైన మందు, కాదనను. దాని మీద రాత్రులు నిద్రపోకుండా ఆలోచించాను, ఒక రోజు ఆర్డర్ పెట్టి సాయంత్రానికి రద్దు చేశాను. బెంగళూరులో ఫ్రిజ్ ఉన్న అద్దె గూర్ఖా అని అందరికీ గొప్పగా చెప్పుకున్నవాణ్ణి, తీసేయడం నాకేమీ సరదా కాదు. కానీ ఇది నేనొక్కడినే నడిపే బండి కాదు, నల్ల ప్లేటు బండి, అంటే అద్దెకు తీసుకున్నవాళ్లే నడుపుకునేది, ప్రతి శనివారం కొత్త చెయ్యి స్టీరింగ్ పడుతుంది. చార్జర్ లైటు ఎర్రగా వెలిగితే దాని అర్థమేంటో సెలవు పెట్టుకుని వెళ్లినవాళ్లకు ఎందుకు? ఇంకో మాట, పంతం అనుకోండి ఏమైనా అనుకోండి, ఆ మనిషి అమ్మిన వస్తువును కాపాడటానికి మళ్లీ నా జేబులోంచి వేల రూపాయలు తీయడానికి మనసొప్పలేదు.

ఊరికే వైరు కత్తిరించి వదిలేశానని అనుకోకండి. ముందు ఇంజిన్ బ్యాటరీ ఎర్త్ విప్పి, ఫ్యూజులు తీసి, ఆ లావు కేబుల్ మొత్తం బయటికి లాగేశాను. బ్యాటరీకి తగిలించిన పాజిటివ్ వైరు చాసిస్‌కి రాసుకుంటే నిప్పు పుట్టడానికి 12 వోల్టులు చాలు. క్యాబిన్‌లోకి వచ్చే రంధ్రం రబ్బరుతో మూసేశాం, మొదటి వర్షంలో చూశాను, నీళ్లు రాలేదు. తీసిన లిథియం పాత సామాన్ల వాడికి ఇవ్వలేదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అది అధీకృత రీసైక్లర్‌కే వెళ్లాలి, అక్కడికే పంపాను. అమ్మినవాడు దాన్ని కూడా వెనక్కి తీసుకోనన్నాడు.

ఇంజిన్‌కి కొత్త బ్యాటరీ వేశాను. డాష్‌బోర్డు పెట్టెలో జంప్ స్టార్టర్, అదే బ్యాటరీ పడిపోతే బండి స్టార్ట్ చేసే చిన్న పరికరం, ఎప్పుడూ చార్జ్ చేసి ఉంటుంది. టెంట్ లైట్లు ఇప్పుడు యూఎస్‌బీ చార్జింగ్‌వి. పైన సోలార్ పెట్టమని ఒకరన్నారు, పైన టెంట్ ఉంది కదండీ, ఎక్కడ పెట్టను? మీ సొంత పవర్ స్టేషన్ (పెద్ద పవర్ బ్యాంకు లాంటిది) తెచ్చుకుంటే బండి నడుస్తున్నప్పుడు ముందువైపు సాకెట్ నుంచి చార్జ్ చేసుకోవచ్చు, 10 ఆంపియర్ ఫ్యూజు ఉంది కాబట్టి 120 వాట్లు దాటకండి. బండి తాళంచెవి తీసేస్తే ఆ సాకెట్‌కి కరెంటు రాదు, అది నేను కావాలనే అలా మార్చాను.

ఫ్రిజ్ బదులు మంచి ఐస్ బాక్స్ ఇస్తున్నాను, దాని అద్దె ఏమీ లేదు, బండి అద్దె కూడా కొంత తగ్గించాను. ఇన్సులిన్ లాంటి మందులు తీసుకెళ్లేవాళ్లు వాటిని ఐస్‌కి ఆనించకుండా విడిగా చల్లదనం ఉండే సంచిలో పెట్టుకోండి, గడ్డకడితే పనికిరావు. శనివారం బండి తీసుకునేవాళ్లు ఐస్ బాక్స్ కావాలో వద్దో శుక్రవారం మధ్యాహ్నంలోపు వాట్సాప్‌లో చెప్పేయండి, ఐస్ ముందుగా నింపి ఉంచుతాను.