ఫణిగిరి తవ్వకాలు ఊరివాళ్లకూ చూపించండి

సంపాదకులకు,

2024 మార్చిలో మా సూర్యాపేట జిల్లా పాత బౌద్ధ క్షేత్రమైన ఫణిగిరి గుట్ట మీద రాష్ట్ర వారసత్వ శాఖ వాళ్లు తవ్వుతుంటే మూడున్నర అడుగులు దాటాక ఒక మట్టికుండ బయటపడింది, అందులో 3,730 సీసం నాణేలు. మా దగ్గర చాలామంది "లంకెబిందె దొరికిందట, ఎంత ధర పలుకుతుందో" అనే మాట్లాడుకున్నారు. నాకు బాధేసింది, ఎందుకంటే ఆ కుండ వెనక ఉన్న పని ఎవరికీ తెలియలేదు.

తాడుతో చదరాలు కట్టి, తాపీతో మట్టిని పలచగా గీకుతూ, మట్టి రంగు ఎక్కడ మారిందో చూసుకుంటూ, తీసిన మన్ను జల్లెడ పట్టి, చిన్న పెంకు దొరికినా ఏ గుంటలో ఏ పొరలో ఎంత లోతులో దొరికిందో చీటీ రాసి సంచిలో పెడతారు. ఎండలో వంగి కూర్చుని రోజంతా అదే పని. అట్లా తవ్వారు కాబట్టే కుండ మూతిని బయట ఒక మూకుడుతో, లోపల పగిలిన గిన్నె అడుగుతో మూసి ఉంచారని తెలిసింది. అంటే ఎవరో జాగ్రత్తగా దాచుకున్నారు! నాణేల మీద ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు (అడ్డం నిలువు గీతల చివర్లలో నాలుగు వృత్తాలు) ఉన్నాయి, శాతవాహనుల తర్వాత ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల కాలంవని నిపుణులు చెప్పారు. ఇదే కుండ గుప్తనిధుల కోసం రాత్రిపూట గడ్డపారలతో తవ్వేవాళ్లకు చిక్కి ఉంటే సీసం కరిగించి అమ్ముకునేవాళ్లు, కుండ పెంకులైపోయేది. పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కు చెప్పాలని 1878 నుంచే చట్టం ఉంది, కానీ ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

2023లో ఫణిగిరి శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లాయి, చాలా సంతోషం. కానీ నేను పాఠం చెప్పే పిల్లల్లో సగం మంది ఆ గుట్ట ఎక్కనే లేదు.

అధికారులను అడిగేది ఒక్కటే. తవ్వకం జరిగినన్నాళ్లు వారానికి ఒక పూట, గుంటలకు దూరంగా తాడు కట్టైనా సరే, ఊరివాళ్లనూ బడిపిల్లలనూ రానిచ్చి, తవ్వుతున్నవాళ్లతోనే నాలుగు మాటలు చెప్పించండి. దొరికినవాటి గురించి తెలుగులో రెండు పేజీలు రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. పిల్లలను తీసుకొచ్చే బాధ్యత మా టీచర్లం తీసుకుంటాం.

ఇట్లు,
ఒక ప్రభుత్వ బడి టీచర్,
తుంగతుర్తి