పెద్దల పేరిట ట్రస్టులు: వర్ధంతి రోజు సరే, మిగతా ఏడాది సంగతేంటి?

సంపాదకుల వారికి నమస్కారం.

హనుమకొండ, కాజీపేట, వరంగల్, ఎటు పోయినా ఈమధ్య ఎవరో ఒకరి పేరిట మెమోరియల్ ట్రస్టు కనబడుతోంది. పోయిన మనిషి పేరు నిలబడాలని ఇంటివాళ్లు కోరుకోవడంలో తప్పేం లేదు, ఆ డబ్బు పేదపిల్లల చదువుకు పోతే ఇంకా మంచిది. నా బాధంతా అది ఖర్చయ్యే తీరు గురించే.

వర్ధంతి రోజు బడికి వస్తారు. వెనక ఫ్లెక్సీ, దాని మీద పెద్దాయన ఫొటో, కింద వరుసగా ఇంటిల్లిపాది ఫొటోలు. పిల్లలను ఎండలో నిలబెట్టి, బ్యాగు మీద అచ్చేసిన పేరు కెమెరాకు కనబడేలా పట్టుకొమ్మంటారు. మెయిన్ రోడ్డు మీదున్న బడికైతే ఇద్దరు ముగ్గురు వచ్చి అవే నోటు పుస్తకాలు ఇచ్చిపోతారు, ఏటూరునాగారం అవతల బడిదాకా పోయే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు. దసరా నాటికి ఆ బ్యాగు జిప్పు ఊడిపోతుంది, అది వేరే సంగతి.

నోటు పుస్తకం లేక చదువు మానేసిన పిల్లలు ఎంతమంది ఉంటారు చెప్పండి? ఆగిపోయేది పది తర్వాత. పాలిటెక్నిక్‌లో సీటు వస్తే హాస్టల్ డిపాజిట్, మెస్ బిల్లు, బస్సు చార్జీలు. డిగ్రీ అయిపోయాక ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఆపేస్తారు. మా చుట్టాలమ్మాయికి అదే జరిగితే, హమాలీ పని చేసే వాళ్ల నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. ఏదైనా ట్రస్టును అడుగుదామంటే వాటికి ఆఫీసు ఉండదు, ఫోన్ ఎత్తే మనిషి ఉండడు, ఏడాదికి ఒక్కరోజే బతికుంటాయి.

పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. కూలి చేసుకునే ఇంటి పిల్ల. కోచ్ నాగపురి రమేష్ కంట పడింది కాబట్టి సరిపోయింది, పడకపోతే?

పెద్ద ఖర్చు లేని పని ఒకటి చెప్తాను. ఎనిమిదో తరగతి సర్కారు బడి పిల్లలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ కోసం ఒక పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు, ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. కానీ ఆదాయం సర్టిఫికెట్ తేవాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలపాలి, ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి, తల్లిదండ్రులు పొద్దున్నే పనికి పోయే ఇంట్లో ఇవన్నీ ఎవరు చూస్తారు? వంద బ్యాగుల డబ్బుతో డిగ్రీ చదివిన ఒక కుర్రాణ్ణి పెట్టుకుని, నాలుగు బడుల పిల్లలకు కోచింగ్ ఇప్పించి ఈ కాగితాల పని చేయిస్తే ఏ పేరు పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు, ఫ్లెక్సీ కూడా కట్టుకోండి.

మీకూ ఒక మనవి. ఈసారి ఆ పరీక్ష నోటిఫికేషన్ వచ్చినప్పుడు చివరి తేదీని జిల్లా పేజీలో కాస్త పెద్ద అక్షరాలతో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ