ఫోర్క్‌లు వచ్చాయి, కానీ అందరికీ బిగించడం లేదు

సైకిల్ ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే కొత్త సస్పెన్షన్ ఫోర్క్ కోసం అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్న మీ అందరికీ విషయం సూటిగా చెప్పేస్తున్నాను. ఆర్డర్ పెట్టిన ఫోర్క్‌లు వచ్చాయి. మీలో చాలామంది సైకిళ్లకి అవి పట్టవు. కొందరివాటికి పట్టించవచ్చు, దానికి షరతులున్నాయి. మిగిలినవాళ్లకి బిగించకూడదని నిర్ణయించుకున్నాను. ఫోన్‌లో ఒకరికి చెప్పింది ఇంకొకరికి వేరేలా చేరుతోంది, అందుకే అంతా ఒకేచోట రాస్తున్నాను.

మేం అడిగింది పై నుంచి కింద దాకా ఒకే లావు, అంటే 28.6 మి.మీ. ఉండే స్ట్రెయిట్ స్టీరర్. స్టీరర్ అంటే ఫోర్క్ నుంచి పైకి లేచి ఫ్రేమ్ గుండా హ్యాండిల్ దాకా వెళ్లే గొట్టం. 100 మి.మీ. ట్రావెల్ (ఫోర్క్ నొక్కుకుపోయే దూరం), మామూలు క్విక్ రిలీజ్ ఆక్సిల్ (లివర్ తిప్పితే ఊడే సన్నటి ఇరుసు). ఈ కొలతలన్నీ ఆర్డర్‌లో రాసి పంపాను, సప్లయర్ సరేనని జవాబు కూడా ఇచ్చాడు. పెట్టెల్లో వచ్చినవి టేపర్డ్ స్టీరర్‌వి. పైన 28.6, అడుగుకి వచ్చేసరికి 39.8 మి.మీ. ట్రావెల్ 120. ఆక్సిల్ 15 మి.మీ. లావుది, దానికి 110 మి.మీ. వెడల్పు హబ్ (చక్రం నడిమి భాగం) కావాలి. కలిసింది మోడల్ పేరు ఒక్కటే.

పెట్టె విప్పగానే ఒక పాత ఫోర్క్ నుంచి తీసిన క్రౌన్ రేస్‌ని, అంటే కింది బేరింగ్‌ని మోసే ఉక్కు రింగుని, కొత్త స్టీరర్ మీదుగా వదిలాను. దాని లోపలి వ్యాసం 30 మి.మీ. పై భాగంలో గలగలా జారింది, గొట్టం లావెక్కడం మొదలైన కాసేపటికే బిగుసుకుని ఆగిపోయింది. అది కూర్చోవాల్సిన చోటు ఇంకా కిందే ఉంది. రింగు ఆగిన దగ్గర్నుంచి క్రౌన్ (ఫోర్క్ రెండు కాళ్లూ పైన కలిసే చోటు) దాకా ఉన్న ఆ లావంతా మీ ఫ్రేమ్‌లో ఎక్కడ పడుతుంది? వెర్నియర్ పెట్టి కొలవకముందే నాకు సంగతి అర్థమైపోయింది.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే, "అడాప్టర్ వేసి బిగించెయ్యండి, అందరూ అదే చేస్తున్నారు" అన్నాడు. అడాప్టర్ అనేది ఉంది, కాదనను. కానీ అది పనిచేసేది అవతలి వైపు. స్టీరర్ దూరే ఫ్రేమ్ గొట్టం, అంటే హెడ్ ట్యూబ్, పెద్దదై స్టీరర్ సన్నగా ఉంటే, ఆ తేడా పూడ్చడానికి రెడ్యూసర్ రేస్ వేస్తాం. మంచి పద్ధతే, నేనూ చాలా సైకిళ్లకి వేశాను. సన్నటి హెడ్ ట్యూబ్‌లోకి లావు స్టీరర్‌ని ఎక్కించే అడాప్టర్ మాత్రం లేదు. ఉన్న ఖాళీని నింపగలం, లేని ఖాళీని ఎక్కడి నుంచి తెస్తాం? ఇదే మాట అతనికి చెప్పాను. "మీ దగ్గర చేతనైనవాళ్లు లేకపోతే చెప్పండి, మేం చేయించి పంపిస్తాం" అన్నాడు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది, ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. హెడ్‌సెట్ కప్పులు, అంటే హెడ్ ట్యూబ్ రెండు చివర్లా బేరింగ్‌లని పట్టుకునే గిన్నెలు, ప్రెస్ చేయడం, రేస్ దింపడం ఈ షాపు పెట్టకముందు నుంచీ నేను చేస్తున్న పని. చేతకాక చేయకపోవడం వేరు, చేయకూడదని తెలిసి చేయకపోవడం వేరు. కొలతలు రాసిన ఆర్డర్ చూడకుండా సరుకు పంపినవాడి దగ్గర నేను పని నేర్చుకోవాల్సిన అవసరం లేదు.

వెనక్కి తీసుకోమంటే "పెట్టెలు విప్పేశారు కదా" అంటున్నారు. విప్పకుండా స్టీరర్ కొలవడం ఎవరి తరమూ కాదు. ఆ గొడవ ఇంకా తెగలేదు. అది నేను పడతాను, మీ డబ్బుతో దానికి సంబంధం లేదు. అడ్వాన్స్ వెనక్కి కావాలన్నవాళ్లకి పూర్తిగా ఇచ్చేస్తాను, కారణం కూడా అడగను.

ఇక మీ సైకిల్ సంగతి. హ్యాండిల్ కింద, ఫోర్క్ పైన ఉండే పొట్టి గొట్టమే హెడ్ ట్యూబ్. బేరింగ్ కప్పులు దాని పైనా కిందా బయటికి ఉబ్బి కనిపిస్తుంటే మీది చాలావరకు గొట్టం లోపలి వ్యాసం 34 మి.మీ. ఉండే రకం. కప్పులు లోపలికే ఉండి సన్నటి అంచు మాత్రం కనిపిస్తుంటే 44 రకం కావచ్చు. మీరు కొలవనక్కర్లేదు, ఒక ఫొటో పంపితే చాలావరకు చెప్పేస్తాను. అనుమానముంటే తీసుకురండి, కప్పు ఊడదీసి చూద్దాం.

44 వాళ్లకి దారి ఉంది. కింది కప్పు తీసేసి, బేరింగ్ ఫ్రేమ్ బయట కూర్చునే ఎక్స్‌టర్నల్ కప్పు వేస్తే టేపర్డ్ స్టీరర్ పడుతుంది. ఇది హెడ్‌సెట్ కంపెనీలు ఈ పని కోసమే చేసే భాగం, అతుకుల బొంత వ్యవహారం కాదు. అయితే ఆ కప్పుతో ముందు భాగం పది పన్నెండు మిల్లీమీటర్లు లేస్తుంది. 120 ట్రావెల్ ఫోర్క్ 100 దానికంటే ఇంకో 20 పొడుగు. రెండూ కలిపితే 30 దాటింది. ఫోర్క్ పొడవు 20 మి.మీ. పెరిగితే హెడ్ యాంగిల్ (హెడ్ ట్యూబ్ వాలు) దాదాపు ఒక డిగ్రీ పడుకుంటుంది, అంటే ఇక్కడ డిగ్రీన్నర. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోతుంది, మెల్లగా తిప్పేటప్పుడు హ్యాండిల్ పక్కకి పడిపోతున్నట్టు ఉంటుంది, సీటు వెనక్కి వాలుతుంది. పైగా ఫోర్క్ పొడుగైన కొద్దీ హెడ్ ట్యూబ్, డౌన్ ట్యూబ్ కలిసే చోట ఫ్రేమ్ మీద బలం పెరుగుతుంది. 100 కోసం చేసిన ఫ్రేమ్ మీద 120 వేసి ఆ వెల్డింగ్‌ని పరీక్షించడం నాకు ఇష్టం లేదు. ఇవి గాలి స్ప్రింగ్ ఫోర్క్‌లు కాబట్టి లోపలి ఎయిర్ షాఫ్ట్ మార్చి ట్రావెల్‌ని 100కి దించి ఇస్తాను. అప్పుడు మిగిలేది కప్పు ఎత్తు ఒక్కటే, స్టెమ్ (హ్యాండిల్‌ని స్టీరర్‌కి పట్టించే భాగం) కింద ఒక స్పేసర్ రింగు తీస్తే హ్యాండిల్ ఎత్తు కూడా సరిపోతుంది. కప్పు, షాఫ్ట్, బిగింపు ఖర్చు నాదే. మీ పాత క్విక్ రిలీజ్ హబ్ మాత్రం కొత్త ఆక్సిల్‌కి పనికిరాదు. హబ్ మార్చి స్పోకులు మళ్లీ అల్లాలి, అది మీరు ఒప్పుకుంటేనే మొదలుపెడతాను. రిమ్ బ్రేకులు ఉన్నవాళ్లకి ఈ దారి లేదు, ఈ ఫోర్క్‌లకి ఆ బ్రేకులు బిగించే పిన్నులే లేవు.

34 వాళ్ల విషయంలోనే చాలా తర్జనభర్జన పడ్డాను. నా పాత కస్టమర్లలో ఎక్కువమందివి ఇవే. 26 అంగుళాల చక్రాలు, గట్టి ఫ్రేములు, చూసుకుంటే ఇంకా ఎన్నాళ్లైనా తిరిగేవి. వీటికి మంచి ఫోర్క్ దొరకడమే గగనమైపోయింది. దొరికిందని సంతోషంగా ఫోన్ చేసి చెప్పింది కూడా నేనే. వాళ్లలో ఒకాయన, షాపు తెరిచినప్పటి నుంచీ వస్తున్న మనిషి, ఫోర్క్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "కింది భాగం లేత్ మీద దింపించేద్దామండీ. 30కి తెస్తే మీ రేస్ కూర్చుంటుంది కదా. ఏమైనా అయితే మిమ్మల్ని అడగను, కావాలంటే రాసిస్తాను" అన్నారు.

కాదని వెంటనే అనలేకపోయాను. నాకు తెలిసిన లేత్ మేస్త్రీ ఉన్నాడు, ఆ పని అతనికి లెక్కలోది కాదు. ఆయన ఎంత ఆశగా ఉన్నారో నాకు కనిపిస్తోంది. ఆయన వెళ్లాక స్టీరర్‌ని బల్ల మీద పడుకోబెట్టి లెక్క వేశాను. 39.8 నుంచి 30కి రావాలంటే చుట్టూ 4.9 మి.మీ. లోహం పోవాలి. గొట్టం లోపల గుల్ల. అంత చెక్కేశాక అక్కడ నమ్మదగ్గ గోడ మిగలదు. ముందు బ్రేక్ పట్టినా, రాయికి గుద్దుకున్నా వంపు బలం అన్నిటికంటే ఎక్కువగా పడేది స్టీరర్ అడుగునే. అందుకే తయారు చేసినవాళ్లు అక్కడ లావు పెట్టారు. నేను సరిగ్గా ఆ లావునే తీసేయాలి. అల్యూమినియం వంగి, మూలిగి, మనకి టైమ్ ఇచ్చి విరిగే రకం కాదు. చిన్న పగులు మొదలై లోపల్లోపల పెరిగి ఒక్క దెబ్బకి తెగుతుంది. ఆ పగులు ఉండేది కప్పు, రేస్ వెనకాల, మీరు రోజూ సైకిల్ తుడిచినా కనపడదు. ఆయన కాగితం రాసిచ్చినంత మాత్రాన గొట్టం మందం పెరగదు. మర్నాడు ఫోన్ చేసి చేయనని చెప్పాను.

స్టీరర్‌నే ప్రెస్ మీద ఊడదీసి స్ట్రెయిట్ గొట్టం దించవచ్చు కదా అని ఇంకొకరు అడిగారు. క్రౌన్‌లోకి స్టీరర్‌ని ఫ్యాక్టరీలో బలంగా నొక్కి పంపుతారు, క్రౌన్ రంధ్రం కూడా ఈ లావుకి చేసిందే. అదీ కుదరదు.

లేత్ మాట అన్న ఆ పాత కస్టమర్ నొచ్చుకున్నారు. "వేరే చోట చేయించుకుంటాను" అని సైకిల్ తీసుకెళ్లిపోయారు. ఇది చదువుతుంటే మీకు చెప్పేది ఒకటే అండీ: మీ మీద నాకు కోపం లేదు, ఎప్పుడు వచ్చినా మీ సైకిల్ ముందు చూస్తాను. ఆ చెక్కిన స్టీరర్‌తో వస్తే మాత్రం దాని బోల్టు మీద నా చెయ్యి పడదు.

34 వాళ్లకి స్ట్రెయిట్ స్టీరర్ ఫోర్క్‌లు ఇంకో సప్లయర్ దగ్గర అడిగాను. ఈసారి స్టీరర్ అడుగున వెర్నియర్ పెట్టి తీసిన ఫొటో పంపాకే డబ్బు కడతాను. తేదీ అడగొద్దు, ఫొటో వచ్చేదాకా చెప్పను. ఈలోపు పాత ఫోర్క్‌లకి సీళ్లు, ఆయిల్ మార్చి ఇస్తాను, మజూరీ తీసుకోను. ముందు బ్రేక్ గట్టిగా పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే, హెడ్‌సెట్ బిగువుగానే ఉన్నా ఫోర్క్ కాళ్ల దగ్గర టకటకమంటుంటే లోపలి బుషింగ్‌లు (కాళ్లు జారడానికి ఉండే తొడుగులు) అరిగినట్టే, దాన్ని రాళ్ల దారికి తీసుకెళ్లొద్దు. ఎదురుచూడలేనివాళ్లు రిజిడ్ ఫోర్క్, అంటే సస్పెన్షన్ లేనిది, వేయించుకోవచ్చు. దాని పొడవు పాతదాంతో సమానంగా ఉండకూడదు. మీరు కూర్చోగానే 100 మి.మీ. ఫోర్క్ 20, 25 మి.మీ. దిగుతుంది, రిజిడ్ దిగదు. ఆ మేరకు పొట్టిది చూస్తాను.

సెకండ్ హ్యాండ్ ఫోర్క్ కొనుక్కొస్తామంటున్నవాళ్లు డబ్బు ఇచ్చేముందు స్టీరర్ పొడవు చూసుకోండి. హెడ్ ట్యూబ్ పొడవు, హెడ్‌సెట్ ఎత్తు, స్పేసర్లు, స్టెమ్ పట్టు అన్నీ కలిపి అందులోంచి 3 మి.మీ. తీస్తే కావాల్సిన పొడవు వస్తుంది. పాత యజమాని తన ఫ్రేమ్‌కి కోయించి ఉంటాడు. పొడుగైతే కోస్తాను, పొట్టిదైతే చేయగలిగింది లేదు. మా దగ్గర సైకిల్ వదిలినవాళ్లు ఆదివారం తప్ప ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లొచ్చు, పాత ఫోర్క్ తిరిగి బిగించి ఉంచాను. స్టెమ్ కింద స్పేసర్లు మాత్రం కదపకండి, కొత్త స్టీరర్‌ని ఆ ఎత్తుకే కోస్తాను.