మణికట్టుకి ఇంకో ఎక్స్‌రే తీయించు

పర్లాకిమిడి

బాబూ,

బండి మీంచి పడ్డ సంగతి చెబుతూ నిన్న ఫోనులో "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారమ్మా, ఉత్త బెణుకే" అని తేలిగ్గా తీసేశావు. ఆ వెంటనే, హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే బొటనవేలి మొదట్లో పోటు వస్తోందన్నావు. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఫోనులో చెబితే సగం విని "సరేలే" అంటావు, అందుకే రాస్తున్నాను. ఇన్నేళ్ళు ఎముకల వార్డులో నర్సుగా చేసినదాన్ని, నిదానంగా చదువు.

ఒక పని చెయ్యి. బొటనవేలిని బాగా వెనక్కి చాపు. మణికట్టు పక్కన, దాని మొదట్లో నరాల్లాంటి రెండు తాళ్ళు పైకి తేలి మధ్యలో చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో రెండో చేతి వేలితో నొక్కు. అక్కడ నొప్పి ఉంటే బెణుకని వదిలెయ్యకూడదు. ఆ గుంట అడుగున స్కేఫాయిడ్ అనే ఎముక ఉంటుంది, మన పలాస జీడిపప్పంత. చెయ్యి ఆనించి పడ్డ కుర్రాళ్ళకి అదే ఎక్కువగా పగులుతుంది. పగులు సన్నగా ఉంటే పడ్డ రోజు ఫిల్ములో కనిపించకపోవచ్చు. అందుకే అనుమానం ఉన్నవాళ్ళకి ముందుగా కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల్లో మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు. అప్పటికీ తేలకపోతే ఎమ్మారై.

నా భయమంతా దాని రక్తప్రసరణ గురించే. ఆ ఎముకకి రక్తం చాలావరకు వేళ్ళ వైపు నుంచి లోపలికి వెళ్ళి, ముంజేతి వైపుకి వెనక్కి నడుస్తుంది. నడుమ విరిగితే ముంజేతి వైపు ముక్కకి రక్తం అందక అది అతుక్కోకపోవచ్చు, ఒక్కోసారి చచ్చుబడుతుంది. ఏళ్ళు గడిచాక కీలు అరిగిపోతుంది. ముక్కలు జరగకుండా ఉంటే 8 నుంచి 12 వారాల పిండికట్టు చాలు. జరిగితే స్క్రూ వేస్తారు. ఆలస్యమైతే ఇంకోచోటి నుంచి ఎముక తీసి అతకాల్సి వస్తుంది.

పక్కింటి మామ్మగారిది వేరే రకం. నాచు పట్టిన పెరటి గట్టు మీద జారి చెయ్యి ఆనించారు, ముంజేతి పెద్ద ఎముక చివర విరిగి మణికట్టు వెనక్కి వంగిపోయింది. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళకి ఎముకలు డొల్లబారతాయి, నిలబడ్డ చోట పడ్డా విరుగుతాయి. ముందు నాటుకట్టుకి తీసుకెళ్ళారు. సాయంత్రానికి వేళ్ళు నీలంగా ఉబ్బి తిమ్మిరెక్కాయి. నేనే కత్తెరతో ఆ కట్టు కోసేసి, సబ్బు నురగ రాసి గాజులు ఒక్కొక్కటే లాగి, బరంపురం పంపించాను. అక్కడ మత్తు సూది ఇచ్చి, చెయ్యి లాగి ఎముక సరిచేసి, వాపు తగ్గేదాకా సగం కట్టు, తర్వాత పూర్తి కట్టు వేశారు. పగులు కీలులోకి పాకలేదు కనుక ప్లేటు తప్పింది. ఇప్పుడు వేళ్ళు ముడుచుకుపోకుండా కదిలించమని రోజూ వెళ్ళి పోరు పెడుతున్నాను. చోడి అంబలి తాగుతున్నారు గానీ ఎముకల సాంద్రత పరీక్షకి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

నీకు కట్టు పడితే చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టుకో. వేళ్ళు మొద్దుబారినా, తెల్లబడినా, నొప్పి గంటగంటకీ పెరిగినా తెల్లారేదాకా ఆగకు, రాత్రయినా వెళ్ళిపో. ఇంకో మాట, సిగరెట్టు మానెయ్యి. పొగ తాగేవాళ్ళకి ఈ ఎముక అతకడం మరీ కష్టం. నువ్వు తాగుతావని నాకు తెలుసు నాన్నా.

శనివారం పాత ఫిల్ము పట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళు. "బొటనవేలి గుంటలో నొప్పి ఉంది, స్కేఫాయిడ్ చూడండి" అని నోరు తెరిచి అడుగు. అప్పటిదాకా బండి తియ్యకు. ఆయన రాసిన చీటీ ఫోటో తీసి పంపు, చూసి మాట్లాడతాను.

అమ్మ