ఉల్లి సాయం మా నాన్న ఖాతాలోనే పడింది, అందరికీ కృతజ్ఞతలు

మా నాన్నకు ఫోన్‌లో రాయడం రాదు. ఆయన తరఫున నేను రాస్తున్నాను.

2025లో నష్టపోయిన ఉల్లి రైతులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన హెక్టారుకు 50,000 రూపాయల సాయం మాకు అందింది. మేము ఉల్లి వేసింది రెండున్నర ఎకరాలు, అంటే సుమారు ఒక హెక్టారు. చేను మాది కాదు, గుత్తకు, అంటే కౌలుకు చేస్తున్నాం. గుత్తకు చేసేవాడి ఖాతాలో ఇలా డబ్బు పడడం ఎంత అరుదో కర్నూలు జిల్లాలోని మా కోడుమూరు వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు.

మొదటి దండం పొలం యజమానికి. రిటైరైన టీచర్, ఊళ్లో అందరికీ అయ్యవారు. మా దగ్గర గుత్త మాటలు ఉగాదికే అయిపోతాయి. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు పారే చేనంటే ఇక చెప్పేదేముంది, ఒకరి మీద ఒకరు పాట పెంచుతారు. ఈసారి విత్తన పత్తి వేసేవాళ్లు వచ్చి ఎకరాకు మాకంటే 5,000 ఎక్కువిస్తాం, మొత్తం ముందే కడతాం అన్నారు. నాన్న ఆశ వదిలేసుకున్నాడు. అయ్యవారు మాత్రం "చేనును బాగా చూసుకునేవాడు ఉండగా మార్చేది లేదు" అని పాత గుత్తకే ఉంచారు.

అంతకంటే పెద్ద మేలు ఆయన పెట్టిన సంతకం. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు, అంటే గుత్తకు సాగు చేస్తున్నట్టు ఇచ్చే కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోవాలి. పాసుపుస్తకం ఉన్నవాళ్లకు అక్కడే భయం, సంతకం పెడితే పొలం పోతుందేమోనని. కార్డు గడువు 11 నెలలే, దాంతో భూమి మీద ఏ హక్కూ రాదు. హైదరాబాద్‌లో ఉన్న అయ్యవారి పిల్లలకు ఈ సంగతి ఫోన్‌లో ఓపిగ్గా చెప్పి ఒప్పించింది మా రైతు సేవా కేంద్రం మేడం. ఎండలో చేనుకొచ్చి, ఫొటో తీసి, ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంటలో నాన్న పేరు ఎక్కించిందీ ఆవిడే. మేడం, మా అమ్మ మిమ్మల్ని ఒకసారి భోజనానికి రమ్మంటోంది.

గడ్డ తవ్వేసరికి కర్నూలు మార్కెట్‌లో ధర పడిపోయింది. ప్రభుత్వం తరఫున పంట కొనే మార్క్‌ఫెడ్ క్వింటాలు 1,200 చొప్పున కొన్నది గానీ, మా గడ్డ వానకు తడిసి సగం కుళ్లింది. సెప్టెంబరులో సాయం ప్రకటించాక ఈ-పంటలో పేరున్నవాళ్లనే లెక్కలోకి తీసుకున్నారు. మా పక్క చేను చేసే అన్నకు కార్డు లేదు. పంట యజమాని పేరు మీద ఎక్కింది. విత్తనం, మందు, కూలీ ఖర్చంతా ఆ అన్నదే, డబ్బు పడింది ఇంకొకరి ఖాతాలో. అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వరని ఆయన నోరు మెదపలేదు. పీఎం కిసాన్ ఎలాగూ భూమి ఉన్నవాళ్లకే. ఇంత పోటీలో సంతకం కూడా అడగలేకపోతే గుత్త రైతుకు ఏ పథకం అందుతుంది? యజమాని సంతకం లేకుండానే, సాగు చూసి కార్డు ఇచ్చే దారి ప్రభుత్వం ఆలోచించాలి.

బ్యాంకు అప్పు మాత్రం ఈసారీ రాలేదు. ఆ సర్వే నంబరు మీద అప్పటికే అయ్యవారి పంట రుణం ఉంది. అందుకే వచ్చిన 50,000లో ఎక్కువ భాగం బయట తెచ్చిన అప్పుకు పోయింది. అయినా నాన్న టెన్షన్ కొంత తగ్గింది.

దరఖాస్తు నింపిపెట్టిన సచివాలయం తమ్ముడికి, తడిసిన గడ్డను ఏరడానికి కూలి అడగకుండా వచ్చిన మా వీధి అక్కలకు కూడా చాలా థాంక్స్.

వచ్చే ఉగాదికి కూడా చేను మాకేనని అయ్యవారు మాటిచ్చారు. నాన్న ఇక ఉల్లి జోలికి పోనంటున్నాడు. అమ్మేమో అరెకరమైనా వేయాల్సిందే అంటోంది.