చిన్న జ్వరం, పొడుగు క్యూటీ: అమ్మాయికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి ఫోనులో గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పులు, 101 డిగ్రీల జ్వరం అని చెప్పావు. నీతో కలిసి ఉంటున్న వాళ్ళకు కూడా ఇదే వచ్చి తగ్గిందన్నావు కనుక, ఇది మామూలు వైరస్ జ్వరమే అయి ఉంటుందని, కొద్ది రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుందని నేనూ అనుకుంటున్నాను. అయితే నా నుంచి నీకు పుట్టుకతోనే సంక్రమించిన, గుండె లయను తప్పించగల లాంగ్ క్యూటీ అనే జబ్బు ఉండగా, మిగతావాళ్ళు చేసినట్లే మనమూ చేస్తే సరిపోదు. ఫోనులో హడావుడిగా చెబితే సగం గుర్తుండదని తీరిగ్గా రాస్తున్నాను. అసలు సంగతి ముందే చెబుతాను. ఈ వైరస్ వల్ల మన గుండెకు వచ్చే ముప్పు కంటే, అది తగ్గడానికని ఎవరో మంచి మనసుతో చేతిలో పెట్టే మాత్ర వల్ల వచ్చే ముప్పే ఎక్కువ.

ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి. గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్ళీ కొట్టుకునే ముందు దాని కణాలు విద్యుత్తు పరంగా తిరిగి సిద్ధం కావాలి. గుండె కింది గదులు ఉత్తేజితమై తిరిగి ఇలా సిద్ధమయ్యేవరకు పట్టే వ్యవధినే ఈసీజీలో క్యూటీ అంటారు. గుండె వేగానికి తగ్గట్టు సరిచేసి లెక్కకట్టాక అది పదేపదే 480 మిల్లీసెకన్లో, అంతకు మించో వస్తే మన జబ్బు ఉన్నట్లు నిర్ధారిస్తారు. 500 దాటితే ప్రమాదం బాగా పెరుగుతుంది. మనది రెండవ రకం. కణం లోపలి పొటాషియాన్ని బయటికి పంపే ఒక మార్గం మనకు పుట్టుకతోనే సరిగా పనిచేయదు. క్యూటీని పెంచుతాయని పేరుపడ్డ మందుల్లో అత్యధిక భాగం అడ్డుకునేది కూడా సరిగ్గా ఆ మార్గాన్నే. పక్కవాళ్ళకు ఏమీ కాని మాత్ర మనకు ఎందుకు పనికిరాదో దీన్నిబట్టే తెలుస్తుంది. పైగా ఆడవాళ్ళలో క్యూటీ సహజంగానే కొంచెం ఎక్కువగా ఉంటుంది, మందుల వల్ల లయ తప్పే ప్రమాదం కూడా వాళ్ళలోనే ఎక్కువ. అందుచేత "నాన్నకు ఏమీ కాలేదు కదా" అన్న లెక్క నీకు పనికిరాదు.

ముందు జ్వరం సంగతి. శరీర ఉష్ణోగ్రత ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే గుండె నిమిషానికి సుమారు పదిసార్లు ఎక్కువగా కొట్టుకోవడం మామూలే. కానీ గుండె వేగాన్ని అదుపులో ఉంచడానికి నీవు రోజూ వేసుకునే నాడోలాల్ మాత్ర ఆ పెరుగుదలను కొంత అణచివేస్తుంది కనుక, నాడి 80 దగ్గర ఉన్నంత మాత్రాన జ్వరం తేలికగా ఉందనుకోకు, థర్మామీటరునే నమ్ము. నాడి చూడదలిస్తే మణికట్టు దగ్గర బొటనవేలి వైపున రెండు వేళ్ళు ఆనించి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయకుండా, నిమిషం పాటు పూర్తిగా లెక్కపెట్టు. జ్వరంతో వచ్చే దడ మెల్లగా ఎక్కి, జ్వరం దిగుతుంటే మెల్లగా దిగుతుంది. ఉన్నట్టుండి మొదలై, ఉన్నట్టుండి ఆగిపోయే దడ వేరు. అది వస్తే ఎంతసేపు ఉందో రాసిపెట్టుకుని అదే రోజు మన గుండె వైద్యుడికి తెలియజెయ్యి.

మన రకంలో జ్వరమే క్యూటీని సాగదీసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందువల్ల "జ్వరం మంచిదే, దాని పని దాన్ని చేసుకోనిద్దాం" అన్న ధోరణి నీకు వద్దు. 100.4 డిగ్రీలకు చేరగానే పారాసెటమాల్ వేసుకో. అది క్యూటీ జోలికి పోదు. ఒక్కో విడతకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, విడతకూ విడతకూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం; రోజు మొత్తానికి 4000 మిల్లీగ్రాములు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ కలిసే ఉంటుంది కాబట్టి, రెండు పేర్లతో ఒకే మందు రెండింతలు లోపలికి పోయే అవకాశం ఉంది. ఇబుప్రొఫెన్ లాంటివి క్యూటీని పెంచకపోయినా, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలను ఇబ్బంది పెడతాయి. నాడోలాల్ బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే. అందుకని వాటిని కూడా పక్కన పెట్టమంటాను.

ఇక్కడే ఒక చిన్న విషయం, నవ్వకు. రాత్రి మాత్ర వేళకు లేవడానికని తల పక్కన అలారం పెట్టుకోవద్దు. రెండవ రకం వాళ్ళకు నిద్రలో ఉండగా హఠాత్తుగా వినిపించే శబ్దమే లయ తప్పించగలదని తెలిసిన విషయమే. ఫోను మోత ఆపేసి దూరంగా పెట్టి పడుకో. నిద్రలో ఒక విడత తప్పితే వచ్చే నష్టం లేదు, మెలకువ వచ్చినప్పుడు వేసుకోవచ్చు.

ఇక మందుల సంగతి. ఒకసారి నాకు ఇలాంటి జలుబే చేసినప్పుడు, నన్ను ఎప్పుడూ చూసే వైద్యుడు అందుబాటులో లేక మరొకరి దగ్గరికి వెళ్ళాను. ఆయన గొంతు చూసి, రెండు నిమిషాల్లో చీటీ రాసి ఇచ్చాడు. మందుల షాపులో ఇచ్చిన స్ట్రిప్పును దీపం కిందకు తీసుకెళ్ళి, పెద్ద అక్షరాల బ్రాండు పేరు వదిలేసి దాని కింద చీమల బారులా ఉన్న అక్షరాలు చదివితే అజిత్రోమైసిన్ అని ఉంది. ఆయన అడగకపోవడం ఎంత తప్పు, నేను చెప్పకపోవడం ఎంత తప్పు అన్న లెక్కలోకి వెళ్ళను. లోకమంతా గొంతు నొప్పికి అలవాటుగా రాసే మందే అది. కానీ అది గుండె లయను ప్రమాదకరంగా తప్పించగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే హెచ్చరించింది. పైగా యాంటిబయాటిక్ అన్నది బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది, వైరస్‌ను ఏమీ చేయలేదు. ఉపకారం సున్నా, అపకారానికి మాత్రం అవకాశం ఉన్న మందును మనం ఎందుకు మింగాలి?

అదే కుటుంబానికి చెందిన క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. లెవోఫ్లాక్సాసిన్, మాక్సీఫ్లాక్సాసిన్ వంటి యాంటిబయాటిక్‌లూ, ఫంగస్‌కు వాడే ఫ్లుకనజోల్ కూడా మనకు పడవు. వాంతి తగ్గడానికని తడుముకోకుండా ఇచ్చే ఒండాన్‌సెట్రాన్, డొంపెరిడోన్ రెండూ క్యూటీని పెంచేవే. విరేచనాలకు వాడే లోపరమైడ్ మోతాదు మించితే గుండెకు ప్రమాదమని 2016లో హెచ్చరిక వచ్చింది. మన విషయంలో మోతాదు మించకపోయినా వైద్యుణ్ణి అడగకుండా ముట్టుకోవద్దు. ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్, ఫెనైలెఫ్రిన్ చేసే పని వేరు. అవి గుండెను అదిలించే రసాయనాల్లాగే పనిచేస్తాయి, అంటే నీవు నాడోలాల్ వేసుకుని దేన్ని అణచిపెడుతున్నావో దాన్నే రెచ్చగొడతాయి. దగ్గు మందుల్లో కొన్నిటిలో సాల్బుటమాల్, టెర్బుటలిన్ కూడా కలుపుతారు, వాటికీ అదే వర్తిస్తుంది. ముక్కుకు ఉప్పునీటి చుక్కలు, ఆవిరి చాలు. అలర్జీ మాత్ర అంటే ఏముందిలే అనిపించవచ్చు. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మందును లక్షలమంది వాడారు. ఎరిత్రోమైసిన్ వంటి మరో మందు తోడైనప్పుడు అది శరీరంలో పేరుకుపోయి, గుండె లయ తప్పి మరణాలు సంభవించడంతో 1998లో అమెరికాలో దాన్ని మార్కెట్టు నుంచి తొలగించారు. విడివిడిగా అమాయకంగా కనిపించే రెండు మందులు కలిస్తే ఏమవుతుందో లోకానికి తెలిసింది అలాగే.

ఇన్ని పేర్లు కంఠస్థం చేయమని చెప్పడం లేదు. క్రెడిబుల్‌మెడ్స్ అనే సంస్థ ఇలాంటి మందుల జాబితాను ఎప్పటికప్పుడు సరిచూసి ఉంచుతుంది, అందులో పుట్టుకతో లాంగ్ క్యూటీ ఉన్నవాళ్ళు వాడకూడనివి ప్రత్యేకంగా చూపిస్తారు. ఏ మాత్ర అయినా నోట్లో వేసుకునే ముందు బ్రాండు పేరుతో కాకుండా లోపలి మందు పేరుతో అక్కడ వెతుకు. వైద్యుడి ఎదుట కూర్చున్నప్పుడు "నాకు గుండె సమస్య ఉంది" అని మాత్రం చెప్పకు. ఆ మాటకు వాళ్ళు ఛాతీకి స్టెతస్కోపు పెట్టి, బాగానే ఉందని చెప్పి పంపిస్తారు. "నాకు పుట్టుకతో లాంగ్ క్యూటీ, రెండవ రకం ఉంది, నాడోలాల్ వాడుతున్నాను, క్యూటీని పెంచే మందు ఏదీ ఇవ్వకూడదు" అని ఇదే వరసలో చెప్పు. రాసే చెయ్యి ఆగుతుంది. మూలికల మందు కదా అని అతిమధురాన్ని కూడా రోజుల తరబడి చప్పరించకు, అది ఎక్కువైతే పొటాషియం పడిపోతుంది.

పొటాషియం అన్నాను కనుక ఆ సంగతి కూడా చెబుతాను. రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గితే క్యూటీ ఇంకా సాగుతుంది. దగ్గు, జలుబుతో అవి తగ్గవు. వాంతులు, విరేచనాలు, ఆకలి లేక రోజంతా ఏమీ తినకపోవడం వల్ల తగ్గుతాయి. జ్వరం ఉన్నన్నాళ్ళూ దాహం వేసేవరకు ఆగకుండా కొద్దికొద్దిగా తాగుతూ ఉండు. విరేచనాలు పట్టుకుంటే ఉత్త నీరు చాలదు, ఓఆర్ఎస్ తాగాలి. ప్యాకెట్టు మీద ఎంత నీటిలో కలపమని రాసి ఉందో అంతలోనే కలపాలి, ఎక్కువ తక్కువలు పనికిరావు. అందులో ఉప్పు, గ్లూకోజులతో పాటు పొటాషియం కూడా ఉంటుంది. తాగింది తాగినట్టు కక్కుకుంటూ రోజు గడిచిందంటే ఇంట్లో ఉండవద్దు. ఆసుపత్రికి వెళ్ళి రక్తంలో పొటాషియం, మెగ్నీషియం చూడమని, ఈసీజీ తీసి క్యూటీ లెక్కకట్టమని నీవే అడుగు.

నాడోలాల్ సంగతి నొక్కి చెబుతున్నాను. నీరసంగా ఉందని, నాడి నెమ్మదిగా ఉందని నీ అంతట నీవు దాన్ని ఆపవద్దు. హఠాత్తుగా మానేస్తే గుండె మరింత తీవ్రంగా స్పందిస్తుంది. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలో వద్దో వైద్యుణ్ణి అడుగు, రెండు మాత్రలు ఒకేసారి మాత్రం వేసుకోకు. లేచి నిలబడినప్పుడు కళ్ళు తిరుగుతుంటే ముందు నీళ్ళు తాగి కాళ్ళు ఎత్తుగా పెట్టుకుని పడుకో. అప్పటికీ తగ్గకపోతే మోతాదు తగ్గించాలా అన్నది ఆయన చెప్పాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, స్పృహ తప్పడం ఒక్కటీ ఒక ఎత్తు. ఒక్క క్షణమైనా సరే, వెంటనే లేచి కూర్చున్నా సరే, "జ్వరం కదా, నీరసానికి పడిపోయి ఉంటాను" అని సర్దిచెప్పుకోవద్దు. అంబులెన్సును పిలిపించుకో. మన జబ్బులో లయ తప్పినప్పుడు మెదడుకు రక్తం అందక చేతులు కాళ్ళు కొట్టుకోవడం కూడా జరుగుతుంది, చూసినవాళ్ళు దాన్ని మూర్ఛరోగం అనుకుంటారు. ఆ పేరుతో ఏళ్ళ తరబడి తప్పు మందులు మింగినవాళ్ళు ఉన్నారు. నీతో ఉండేవాళ్ళలో కనీసం ఒకరికి ఈ సంగతి ఈ రోజే చెప్పు. నీవు పడిపోయి, పిలిస్తే పలకకుండా, ఊపిరి మామూలుగా తీసుకోకుండా ఉంటే అంబులెన్సుకు ఫోను చేసి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలని, షాక్ ఇచ్చే ఏఈడీ పరికరం దగ్గరలో ఉంటే తెప్పించాలని వాళ్ళకు తెలిసి ఉండాలి. చెప్పడానికి మొహమాటంగా ఉంటుందని నాకు తెలుసు. అయినా చెప్పు.

ఛాతీలో నొప్పి, కూర్చుని ఉండగానే ఆయాసం కూడా అంతే, ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సినవే. వైరస్ అరుదుగా గుండె కండరాన్ని వాపెక్కిస్తుంది. అది ఎవరికైనా రావచ్చు, మన జబ్బుతో దానికి సంబంధం లేదు, కానీ వస్తే మన పరిస్థితి మరింత చిక్కవుతుంది. వ్యాయామం మళ్ళీ మొదలుపెట్టడానికి తొందరపడవద్దనడానికి అదీ ఒక కారణం. జ్వరం, ఒళ్ళు నొప్పులు పూర్తిగా పోయి, మెట్లు ఎక్కితే మునుపటిలాగే ఉందనిపించాక నడకతో మొదలుపెట్టు. కష్టమైనవి ఆ తర్వాతే.

ఏటా ఇచ్చే ఫ్లూ టీకాకు లాంగ్ క్యూటీ అడ్డు కాదు. పూర్తిగా కోలుకున్నాక వేయించుకో. టీకా తర్వాత ఒంట్లో వెచ్చబడితే పైన చెప్పిన పారాసెటమాల్ పద్ధతే.

నీ దగ్గర ఇప్పుడు ఉన్న మందులన్నీ బల్ల మీద పరచి, స్ట్రిప్పుల వెనక వైపు అక్షరాలు కనబడేలా ఫొటోలు తీసి ఈ సాయంత్రం పంపించు. రేపు ఉదయం మాట్లాడేటప్పుడు జ్వరం ఎంత ఉందన్నదొక్కటే కాదు, ఎంత తాగావో, మూత్రం సరిగా వస్తోందో, ముదురు రంగులో ఉందో లేత రంగులో ఉందో కూడా చెప్పాలి. అమ్మ కూడా ఫోను దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
మీ నాన్న